పధ్నాలుగు మాటల లెక్క

వెయ్యి కాపీలు వేస్తే అందులో సగం రచయిత ఇంటి అటక మీదే మిగిలిపోయే పుస్తకాల మీద కూడా మనం నాలుగేసి పేజీల సమీక్షలు రాసుకుంటాం. దేశంలో పీహెచ్‌డీలో చేరిన ప్రతి ఒక్కరూ, వాళ్ళ సబ్జెక్టు తెలుగైనా లోహశాస్త్రమైనా, చదివి తీరాల్సిన రచన ఒకటుంది. దాని మీద తెలుగులో సమీక్ష ఏదీ ఇంతవరకూ నా కంటపడలేదు. అందుకే ఈ ప్రయత్నం.

ఆ రచన ఒక సిలబస్. పేరు ‘రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్’. పరిశోధకులందరికీ కోర్సువర్కులో భాగంగా దీన్ని తప్పనిసరి చేస్తున్నట్టు యూజీసీ 2019 డిసెంబరులో చెప్పింది. రెండు క్రెడిట్లు, 30 గంటలు, ఆరు భాగాలు. మొదటి మూడూ థియరీ, తర్వాతి మూడూ ప్రాక్టీసు. తత్వశాస్త్రం అంటే ఏమిటి, దాని శాఖలేమిటి, నీతి అంటే ఏమిటి, నైతిక నిర్ణయాల స్వభావం ఎలాంటిది — ఇవన్నీ మొదటి భాగంలో ఉన్నాయి. వాటికి కేటాయించింది మూడు గంటలు. వైజాగ్‌లో రైలెక్కినవాడు రాజమండ్రిలో దిగేలోపు సోక్రటీసు దగ్గర మొదలుపెట్టి అంతా అయిపోవాలన్నమాట.

వెటకారం పక్కన పెడితే, ఈ కోర్సు ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. డబ్బు కడితే వారంలో వ్యాసం వేసేసే జర్నళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. ఒకరి థీసిస్‌లోంచి ఇంకొకరి థీసిస్‌లోకి అధ్యాయాలకి అధ్యాయాలే నడిచి వెళ్ళిపోయాయి. యూనివర్సిటీల చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో థీసిస్ టైపు చేసి, బైండు చేసి, కావాలంటే ‘పర్సంటేజీ’ కూడా తగ్గించి ఇస్తారు. ఇలాంటప్పుడు ఏదో ఒకటి చెయ్యాలి. చేశారు. చేసినందుకు నాకు అభ్యంతరం లేదు.

విశాఖలో ఒకటి రెండు చోట్ల ఈ కోర్సులో కొన్ని క్లాసులు చెప్పే పని నాకు తగిలింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో లోహశాస్త్రం వాళ్ళుంటారు, సముద్రజీవశాస్త్రం వాళ్ళుంటారు, కామర్సు, లా, సోషల్ వర్కు, తెలుగు — అందరూ ఒకే గదిలో. ఒకరి చదువు ఇంకొకరికి తెలీదు. అందరికీ ఒకటే పాఠం. చెబుతూ చెబుతూ ఉండగా నాకు ఈ సిలబస్ కథనంలో ఒక విశేషం కనిపించింది. ఇందులో కథానాయకుడు పరిశోధకుడు కాడు, పేపరు. అదీ అప్పటికే రాయడం అయిపోయిన పేపరు. దాన్ని ఎక్కడ అచ్చు వెయ్యాలి, ఏ జర్నల్ మంచిది, ఏది దొంగది, దానికి ఇంపాక్ట్ ఫాక్టర్ ఎంత, రాసినవాడి హెచ్-ఇండెక్స్ ఎంత, అందులో కాపీ ఎంత అన్నదే కథంతా. నాలుగో భాగంలో మీ పేపరుకి తగ్గ జర్నల్‌ని సూచించే ఆన్‌లైన్ పనిముట్లున్నాయి. ఐదో భాగంలో కాపీ పట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఆరో భాగంలో డేటాబేసులకి నాలుగు గంటలు, కొలతలకి మూడు గంటలు. ఆ డేటాబేసుల్లోనూ పేరు పెట్టి చెప్పినవి వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్.

ఆ పేపరు రాయడానికి ముందు జరిగే పనుంది చూశారూ — ఒక ప్రశ్న పుట్టడం, దానికి జవాబు ఎక్కడ దొరకొచ్చో ఊహించడం, దొరికిన కాగితాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోవడం, దొరకనప్పుడు ఎందుకు దొరకలేదో అర్థం చేసుకోవడం — దాని కోసం ఈ 30 గంటల్లో చోటు లేదనే చెప్పాలి. అది మెథడాలజీ పేపర్లో వస్తుంది కదా అంటారు. మెథడాలజీ క్లాసుల్లో శాంపిల్ సైజు, హైపోథీసిస్ రకాలూ డిక్టేట్ చేస్తారు. సమాచారాన్ని వెతకడం, పోల్చడం, భద్రపరచడం అనే విద్య ఇద్దరి మధ్యా జారిపోయింది. ఈ కోర్సు పిల్లలకి పోలీసు చూపు నేర్పుతోంది గానీ పాఠకుడి చూపు నేర్పడం లేదన్నది నా ప్రధానమైన ఫిర్యాదు. పైగా అన్ని శాఖలకీ సమాచారం ఒకే చోట, ఒకే భాషలో, ఒకే ఆకారంలో ఉంటుందన్న నమ్మకం దీని పునాదిలో ఉంది. ఆ నమ్మకం తెలుగు దగ్గరికొచ్చేసరికి ఎలా బీటలు వారుతుందో చెబుతాను.

ఈ కోర్సుకి జంటగా ఇంకో పత్రముంది. గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు. పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 40 శాతం దాకా ఉంటే దిద్ది మళ్ళీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ లెక్కలోంచి కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు. అందరికీ తెలిసిన విషయాలో, కాకతాళీయంగా కలిసిన మాటలో అయితే వరసగా 14 మాటల దాకా లెక్కలోకి తీసుకోరు.

ఏ భాషలో 14 మాటలు?

ఇంగ్లీషులో 14 మాటలంటే ఒక మోస్తరు వాక్యం. తెలుగులో ‘వెళ్ళలేకపోయినవాళ్ళక్కూడా’ అన్నది ఒక్క మాట. దాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే ఏడెనిమిది మాటలు కావాలి. మన క్రియ తన తోకలో కాలాన్నీ, కర్తనీ, వ్యతిరేకార్థాన్నీ, సందేహాన్నీ మోసుకుని తిరుగుతుంది. అంచేత తెలుగులో వరసగా 14 మాటలు కలిశాయంటే రెండు మూడు పూర్తి వాక్యాలు కలిసినట్టు. అంటే తెలుగులో దొంగకి వెసులుబాటు ఎక్కువ. ఇక పద్యం దగ్గరికి రండి. వేమన ఉప్పూకప్పురం పద్యంలో మకుటం తీసేసి మాటలు లెక్కపెట్టి చూడండి. అచ్చువేసినవాడు ఖాళీలు ఎక్కడెక్కడ వదిలాడన్న దాన్ని బట్టి 13 అయినా వస్తాయి, 14 అయినా వస్తాయి. పద్యం మొత్తం మినహాయింపులో పడిపోయింది! ప్రబంధాల్లో పాదం పొడుగునా సాగే సమాసాలైతే యంత్రానికి ఒక్కో మాట కింద లెక్క. పాతకాలపు తాళపత్రాల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీయే ఉండదు. మాట అంటే ఏమిటన్నది వ్యాకర్తలు శతాబ్దాలు చర్చించిన సంగతి. ఈ నిబంధన దాన్ని స్పేస్‌బార్‌కి వదిలేసింది.

ఇదేదో చమత్కారానికి చెబుతున్న విషయం కాదు. ఒక భాష అలవాటును కొలబద్దగా చేసి అన్ని భాషలకీ వాడితే వచ్చే తేడా ఇది. తెలుగు శాఖలో ఉన్నవాళ్ళు ఈ తేడాని కనిపెట్టి, తమ శాఖకి తగ్గ కొలత ఏదో తామే తేల్చుకోవాలి. ఆ చర్చ క్లాసులో జరిగితే అది మంచి పాఠం అవుతుంది కూడా.

యంత్రం అసలు తెలుగుని చదవగలుగుతోందా అన్నది ఇంకో ప్రశ్న. మన థీసిస్‌లు చాలా ఏళ్ళపాటు అను ఫాంట్లలో టైపయ్యాయి. డీటీపీ వాళ్ళ చేతుల్లో ఇప్పటికీ అవుతున్నాయి. తెర మీద అవి నిక్షేపంగా తెలుగే. లోపల మాత్రం రోమన్ అక్షరాలూ, గుర్తులూ. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌పాడ్‌లో అతికించండి, పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు వస్తుంది. అలాంటి థీసిస్‌ని సాఫ్ట్‌వేర్‌కి తినిపిస్తే పోలిక సున్నాకి దగ్గరగా వస్తుంది. ఆ సున్నాని చూసి సంతోషించినవాళ్ళని నేనెరుగుదును. అసలు నష్టం ఇంకోటుంది. పరిశోధకులు థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని 2009లో యూజీసీ నియమం పెట్టింది. అవన్నీ శోధగంగలో ఉంటాయి. గొప్ప పని. కానీ అను ఫాంట్లలోనో, స్కాన్ చేసిన బొమ్మల్లాగానో ఉన్న తెలుగు థీసిస్‌లో ‘రావిశాస్త్రి’ అని వెతికితే ఏం దొరుకుతుంది? శీర్షిక ఎక్కడో రోమన్ లిపిలో ఉంటే, అదీ మనం ఊహించిన స్పెల్లింగులోనే ఉంటే దొరుకుతుంది. లేకపోతే ఆ థీసిస్ ఉన్నా లేనట్టే. దాంతో అదే విషయం మీద ఇంకొకళ్ళు మళ్ళీ మొదట్నించీ పని మొదలెడతారు. కాపీ కొట్టకుండానే పునరుక్తి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకాలు వెతికిన అనుభవం ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి ఉండే ఉంటుంది. పుస్తకం పేరులో ఏ అచ్చు ఎగిరిపోయిందో, ఏ హల్లు రెట్టింపయిందో ఊహించి కొడితే తప్ప దొరికేది కాదు. 2017లో ఆ సైటు మూతపడింది. పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి, తప్పులూ వాటితోపాటే చేరాయి. మనలో కొందరికి ఆ తప్పుల మీద ఎంత పట్టు వచ్చిందంటే, అదొక విద్య అయి కూర్చుంది. ఆ విద్య ఏ సిలబస్‌లోనూ లేదు.

దీన్ని పాఠంగా చెప్పడానికి మా ఊరి పేరే చాలు. విశాఖపట్నం, వైజాగ్, వాల్తేరు. దొరల కాలంలో విజగపటాం. 1869లో కార్‌మైకేల్ రాసిన జిల్లా మాన్యువల్‌లోనూ, 1907లో ఫ్రాన్సిస్ రాసిన గెజెటీర్‌లోనూ ఆ పేరే. శాసనాల్లో కులోత్తుంగ చోళపట్టణం. రోమన్ లిపిలో విశాఖకి హెచ్ ఒకటా రెండా అన్న గొడవ వేరే. పోర్టు చరిత్ర మీద పని చేసేవాడు ఒక్క పేరుతో వెతికితే వాడికి ఒక్క కాలం మాత్రమే కనిపిస్తుంది. క్లాసులో ఈ పేర్లు బోర్డు మీద రాసి, ఒక్కో వరసలో కూర్చున్నవాళ్ళని ఒక్కో పేరుతో వెతకమంటాను. ఎవరి ఫోన్‌లో ఏం వచ్చిందో చూసుకుంటే గది గోలగోల అయిపోతుంది. లైబ్రరీ సైన్స్‌లో దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు, ఒక పేరుకి మిగతా పేర్లన్నిటినీ ముడివేసి పెట్టడం. కేటలాగు కార్డుల కాలం నుంచీ ఉన్న పద్ధతే. అది లైబ్రరీ సైన్స్ చదివినవాళ్ళకి తెలుసు, చరిత్ర చదివేవాళ్ళకి అవసరం. ఇద్దరూ ఒకే క్యాంపస్‌లో ఉంటారు, ఎదురుపడరు.

ఇప్పుడు ఉక్కు సంగతి. శాఖల మధ్య తేడా ఎంత లోతుగా ఉంటుందో చెప్పడానికి విశాఖలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఐదుగురు పరిశోధకులు విశాఖ ఉక్కు మీద పని చేస్తున్నారనుకోండి. లోహశాస్త్రం కుర్రాడికి స్కోపస్ చాలావరకు సరిపోతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ మీద కొరియావాడు రాసినా, బ్రెజిల్‌వాడు రాసినా అక్కడుంటుంది. కామర్సు అమ్మాయికి కంపెనీ వార్షిక నివేదికలు, కాగ్ రిపోర్టులు, పార్లమెంటు ప్రశ్నోత్తరాలు కావాలి. 2021 జనవరి 27న నూరు శాతం వాటాల అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. దాని ముందూ వెనకా నడిచిన కాగితాలు ఏ జర్నల్లో ఉంటాయి? చరిత్ర విద్యార్థికి 1966 కావాలి. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న రోజులు, అమృతరావు నిరాహారదీక్ష, నవంబరు 1 కాల్పులు. వాటికి ఆనాటి ఆంధ్రపత్రికా, ఆంధ్రప్రభా, విశాలాంధ్రా పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకే కాల్పుల్ని మూడు పత్రికలు ఎలా రాశాయో చూడాలి. తెలుగు విద్యార్థికి ఆ ఉద్యమంలో పాడిన పాటలు కావాలి. వాటిలో అచ్చయినవి కొన్నే, మిగతావి ముసలివాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. ఇక ఐదో మనిషి సోషల్ వర్కు. ప్లాంటు కోసం 64 గ్రామాలు లేచిపోయాయి. లేచిపోయినవాళ్ళకి ఆర్ కార్డులిచ్చారు.

ఆ ఐదో మనిషి నా క్లాసులో నిజంగానే ఉన్నాడు. గాజువాక అవతల ఒక నిర్వాసిత కాలనీ కుర్రాడు. డేటాబేసుల పాఠం అయ్యాక దగ్గరికొచ్చి, “సార్, మా తాత ట్రంకుపెట్లో ఆర్ కార్డు ఉందండి. భూమి తీసుకున్నప్పటి నోటీసు కూడా ఉంది. ఇది డేటా కిందకొస్తదా?” అని అడిగాడు. వస్తుందన్నాను. “మరి ఇందాకటి లిస్టులో ఎక్కడా లేదు కదండీ?” అన్నాడు. ఆ కార్డు ఫోటో తీసుకోవాలి. తేదీ, నంబరు, ఎవరి దగ్గరుందో రాసుకోవాలి. కాలనీలో ఇంకెన్ని ఇళ్ళలో అలాంటివున్నాయో చూడాలి. ప్రభుత్వ జాబితాతో పోల్చాలి. వాళ్ళ అనుమతి తీసుకోవాలి, ఎందుకంటే ఆ కార్డు మీద ఉద్యోగం ఆశ ఇంకా పెట్టుకున్న ఇళ్ళున్నాయి. ఫోటోలు ఏ పేర్లతో దాచాలి, ఎక్కడ దాచాలి, తన ల్యాప్‌టాప్ పాడైతే ఏమవుతుంది? సమాచార నిర్వహణ అంటే ఇదంతా. లోహశాస్త్రం కుర్రాడికి ఇందులో సగం అక్కర్లేదు. అతనికి కావలసింది వేరే. కొలిమి దగ్గర సెన్సర్లు సెకనుకోసారి పంపే అంకెల్ని పదేళ్ళ తర్వాత కూడా ఇంకొకడు చదవగలిగేలా పెట్టడం. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి హెచ్-ఇండెక్స్ చెబితే ఇద్దరికీ సమానంగా అక్కరకు రాదు, అదొక్కటే ఇక్కడ సమానత్వం.

ఇలాంటి చదువు మనకి కొత్తా అంటే, విశాఖలో ఆ మాట అనే వీల్లేదు. పోర్టు 1933 చివర్లో తెరుచుకుంటే, 1935లో, రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరులో గ్రంథాలయశాస్త్రం డిప్లొమా పెట్టింది. దేశంలో ఇలాంటి కోర్సులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన కాలం అది. అంతకు ముందే, 1920లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం శిక్షణ తరగతి నడిపింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి తరం వాళ్ళు ఊరూరా గ్రంథాలయాలు పెట్టారు. పడవల్లో పుస్తకాలేసుకుని కాలవల వెంట తిప్పారు. ఆ పక్కనే మద్రాసులో రంగనాథన్. ఆయన మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యాడు. లండన్ వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో మెకానో బొమ్మ ముక్కలు చూసి, విషయాల్ని కూడా ఇలాగే ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించొచ్చు కదా అనుకున్నాడు. అలా పుట్టింది కోలన్ వర్గీకరణ. 1931లో రాసిన ఐదు సూత్రాల్లో ఆయన పదే పదే తిరిగొచ్చేది పాఠకుడి దగ్గరికే. లైబ్రరీ మొత్తం ఒక ఎత్తయితే, దాంతో పనిపడి వచ్చిన ఒక మనిషి ఇంకో ఎత్తు.

పాతకాలాన్ని పొగిడేసి ఊరుకునే ఉద్దేశం నాకు లేదు. మన గ్రంథాలయశాస్త్రం చేసిన పొరపాటు కూడా ఇక్కడే ఉంది. ఆ విద్యనంతా తీసుకెళ్ళి ఒక డిపార్టుమెంటులో పెట్టి తలుపేసుకుంది. లైబ్రేరియన్ కాబోయేవాళ్ళకే వర్గీకరణ, కేటలాగు, రిఫరెన్సు సేవ. మిగతా శాఖలవాళ్ళకి లైబ్రరీ అంటే పోటీ పరీక్షలకి చదువుకునే ఫ్యాన్లున్న హాలు. రంగనాథన్ ముక్కలు విప్పే పద్ధతినే తీసుకోండి. ఒక విషయంలో ముఖ్యవస్తువేమిటి, పదార్థమేమిటి, దాని మీద జరిగే పనేమిటి, ఎక్కడ, ఎప్పుడు అని ఐదుగా విడదీయడం. పరిశోధన మొదలెట్టే ఎవరికైనా అంతకన్నా మంచి కసరత్తు ఉండదు. ఒక లా విద్యార్థి తన అంశాన్ని ఇలా విప్పుకుంటే ‘ఎప్పుడు’ అన్న గడి ఖాళీగా ఉందని వాడికే తెలుస్తుంది. కానీ దాన్ని పుస్తకం వీపు మీద అంకె వెయ్యడానికి పనికొచ్చే లెక్కగా మాత్రమే నేర్పారు. ఆ అంకెలు వాడే లైబ్రరీలు తగ్గాక, ఆ ఆలోచనని కూడా మూలకి నెట్టేశారు.

అమెరికాలో కాలేజీ లైబ్రేరియన్ల సంఘం 2000లో సమాచార అక్షరాస్యత ప్రమాణాలంటూ ఒక జాబితా చేసుకుంది. పదిహేనేళ్ళు వాడి చూశాక దాన్ని పక్కన పెట్టి, ఆరు మౌలికమైన ఆలోచనల చుట్టూ అల్లిన ఒక చట్రాన్ని తెచ్చుకుంది. ఏ సమాచారానికి అధికారం ఉంటుందన్నది శాఖని బట్టీ సందర్భాన్ని బట్టీ మారుతుందన్నది అందులో ఒకటి. మనం 2019లో జాబితా రాసుకోవడం మొదలుపెట్టాం. అప్పుడు రాసినవి అప్పుడే పాతబడటం కూడా మొదలైంది. అందులో చెప్పిన ఉర్కుండ్ పేరే మారిపోయింది. జర్నళ్ళ మంచిచెడ్డలు తేల్చే యూజీసీ కేర్ జాబితాని 2025లో యూజీసీయే ఎత్తేసింది. చాట్‌జీపీటీ వచ్చి, లేని పుస్తకాలకి రచయితనీ, సంవత్సరాన్నీ, పేజీ నంబర్నీ జతచేసి ఇస్తోంది. ఆ ఉపసూచికలో కాపీ ఉండదు, సున్నా శాతం. పుస్తకమే ఉండదు. దాన్ని పట్టుకునేది షెల్ఫు దాకా నడిచివెళ్ళే అలవాటొక్కటే.

ఇదంతా పరిశోధకుల ఇంటి గొడవ అనిపించొచ్చు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ళోకి పాకింది. పన్నెండు మంది చనిపోయారు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉందని, పైన వేడెక్కుతున్న సంగతి అందుకే తెలియలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ జులైలో ఇచ్చిన నివేదికలో రాసింది. ఉన్న సైరన్లు మోగలేదనీ రాసింది. తమ ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే 2019 మే నెలలో ఇచ్చిన ఒక అఫిడవిట్‌లో ఒప్పుకున్న సంగతి ప్రమాదం తర్వాత పత్రికల్లో వచ్చింది. అంటే ఆ కాగితం ఏడాది ముందు నుంచీ ఉంది. ఈ ఊళ్ళో కెమికల్ ఇంజినీరింగ్ ఉంది, పర్యావరణశాస్త్రం ఉంది, లా ఉంది, జర్నలిజం ఉంది. ఎవరి పాఠంలోనూ ఆ కాగితం లేదు. స్టైరీన్ ఏం చేస్తుందో కెమిస్ట్రీ వాళ్ళకి తెలుసు, అనుమతులు ఎలా ఇస్తారో లా వాళ్ళకి తెలుసు, ప్రభుత్వ వెబ్‌సైట్లలో అఫిడవిట్లు ఎక్కడ పడుంటాయో బహుశా ఎవరికీ తెలీదు. తెలిసుంటే ప్రమాదం ఆగేదని నేననను. అడిగేవాళ్ళు ఉండేవారు, అంతవరకే.

ఆ నివేదికనే పాఠంగా పెట్టొచ్చు. అనుబంధాలతో కలిపి వేల పేజీలు. ఇంజినీరింగు వాళ్ళు అందులో ఉష్ణోగ్రతల పట్టికలు చూడాలి. లా వాళ్ళు ఏ అనుమతి ఏ తేదీదో వరసగా పేర్చాలి. జర్నలిజం వాళ్ళు ఆ రోజు పత్రికలు చెప్పినదానికీ నివేదికకీ ఎక్కడ తేడా ఉందో రాయాలి. తెలుగు వాళ్ళకి ఇంకా కష్టమైన పని. దాని సారాన్ని వెంకటాపురంలో చదువుకోగలిగిన తెలుగులో రెండు పేజీల్లో చెప్పాలి. ‘పాలిమరైజేషన్’ అన్న మాట దగ్గరే ఒక పూట పడుతుంది. తర్వాత నలుగురూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఒకరిది ఒకరు చదవాలి. శాఖల మధ్య సమాచారం ఎలా నడుస్తుందో, ఎక్కడ కాలు మడతపడుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఎవరు చెబుతారివన్నీ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను చూసిన కాలేజీల్లో ఒకచోట లైబ్రేరియన్ పోస్టులో ఎవరూ లేరు, తాళం చెవి ఫిజికల్ డైరెక్టర్ దగ్గరుంది. ఉన్నచోట ఆయనకి నాక్ ఫైళ్ళు తయారుచేసే పనే సరిపోతుంది. సబ్జెక్టు మాస్టారేమో తన విద్యార్థి స్కోపస్‌లో పేపరు వేస్తే చాలనుకుంటాడు, ఎందుకంటే ఆయన ప్రమోషన్ కూడా దాని మీదే ఉంది. మార్పు రావాలంటే లైబ్రేరియనూ సబ్జెక్టు మాస్టారూ ఒకే క్లాసులో కలిసి నిలబడాలి. గంట ఆయన, గంట ఈయన అని కాకుండా ఒకే గంటలో ఇద్దరూ. ఉమ్మడిగా చెప్పాల్సినవి లేవని కాదు. ఉదహరించడం, ఫైళ్ళు భద్రం చేసుకోవడం, దొంగ జర్నల్‌ని గుర్తుపట్టడం అందరికీ కావాలి. వాటికి పది గంటలు చాలు. మిగతా 20 గంటలూ ఎవరి శాఖకి వాళ్ళు తీసుకుపోనివ్వాలి.

తెలుగు వాళ్ళ 20 గంటల్లో నేనైతే ఒక కరపత్రం పెడతాను. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగినప్పుడు ‘విశాఖ విద్యార్థులు’ అన్న పేరుతో రచయితల్ని నిలదీస్తూ ఒక కరపత్రం వచ్చింది. ఆ తర్వాత కొద్ది నెలలకే విరసం ఏర్పడింది. ఆ కరపత్రాన్ని ఉదహరించని ఆధునిక సాహిత్య చరిత్ర ఉండదు. ఒక్కొక్కరూ దాన్ని ఎక్కణ్ణించి తీసుకున్నారో వెనక్కి వెళ్ళి చూడమంటాను. ఎవరు కాగితాన్ని చూసి రాశారు, ఎవరు ఇంకొకరి పుస్తకంలోంచి ఎత్తి రాశారు, మధ్యలో ఏ మాట మారింది? పోలిక ఎంత శాతమో చెప్పే యంత్రానికి ఈ పని చేతకాదు. ఎవరు ఎవర్నుంచి తీసుకున్నారన్నది అంకెలో ఉండదు.

ఢిల్లీ నుంచి కొత్త ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. ఐదో భాగంలో రెండు గంటల బృందచర్చ ఉంది. అందులో చర్చించాల్సినవాటిలో మొదటిది ఆయా సబ్జెక్టులకి ప్రత్యేకమైన నైతిక సమస్యలు. మొత్తం సిలబస్‌లో శాఖకీ శాఖకీ తేడా ఉంటుందని ఒప్పుకున్న చోటు నాకు అదొక్కటే కనిపించింది. నేను ఆ సందులోంచే దూరతాను. ఏ డేటాబేసులోనూ దొరకని కాగితం ఒకటి, ఈ ఊరిదే, మీ సబ్జెక్టుకి సంబంధించినది పట్రండి అని వారం ముందు చెబుతాను. కరెంటు బిల్లులు తెస్తారు, కోర్టు వాయిదా నోటీసులు తెస్తారు, మిల్లు గేటు పాసులు తెస్తారు. కిందటిసారి సముద్రజీవశాస్త్రం అమ్మాయి ఒక నోటుబుక్కు జిరాక్సు తెచ్చింది. ఫిషింగ్ హార్బర్లో ఒక బోటు డ్రైవరు కొన్నేళ్ళుగా రాసుకుంటున్నది. ఏ రోజు ఎంత దూరం వెళ్ళారు, వల ఎక్కడ వేశారు, ఏం పడింది, డీజిలెంత. స్పెల్లింగులన్నీ ఆయనవే. చేపల పేర్లు ఆయన వాడుకలోవి. వాటికి శాస్త్రీయనామాలు పక్కన పెన్సిలుతో ఈ అమ్మాయి రాసుకుంది. దీన్ని థీసిస్‌లో ఎలా ఉదహరించాలి, ఆయన్ని రచయిత అనాలా సమాచారమిచ్చిన వ్యక్తి అనాలా, వల వేసిన చోట్లు బయటపెడితే మిగతా బోట్లవాళ్ళు అక్కడికే వెళ్ళరా అని అడిగింది. లా కుర్రాడు ఒకటన్నాడు, కామర్సు అమ్మాయి ఇంకోటంది, తెలుగు వాళ్ళు ఆ చేపల పేర్లు పట్టుకు కూర్చున్నారు. రెండు గంటలూ అక్కడే అయిపోయాయి. సాఫ్ట్‌వేర్ డెమో మర్నాటికి వాయిదా వేశాం.